ఈ సర్టిఫికెట్ ఎవరికి చూపిస్తాం?

(మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత వొకేషనల్ (వృత్తి విద్య) అధ్యాపకులు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. మిరప కోతల రోజులు. ఒక పూట కూలి వదులుకుని వచ్చారు మీలో చాలామంది. ఆ సంగతి నాకు తెలుసు. అందుకని ఇంటికెళ్లాక పనికొచ్చే మాటలే చెబుతాను.

ముందు ఒకటి అడుగుతాను. ఇక్కడున్న పెద్దవాళ్లలో టైపు నేర్చుకున్న వాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు... అయిదుగురు. మాస్టారూ, మీరు కూడానా! చూశారా పిల్లలూ. మా రోజుల్లో పదో తరగతి పరీక్షలు అయిపోయాయంటే వేసవి సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాల్సిందే. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్. ఆ తర్వాత కుడిచెయ్యి. తెల్లవారి ఆరు గంటల బ్యాచికి సైకిలేసుకుని వెళ్లేవాళ్లం. లోయర్ పాసైతే నిమిషానికి 30 మాటలు. హయ్యర్ పాసైతే 45 మాటలు.

ఆ లోయర్, హయ్యర్ కాగితానికి ఎందుకంత విలువ ఉండేది? ఎప్పుడైనా ఆలోచించారా? నేర్పింది మన వీధిలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆయన. కానీ పరీక్ష పెట్టింది ఆయన కాదు, రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి. ఆయనకి నచ్చిన వాడిని పాస్ చేయడానికి లేదు. ఇక ఆ కాగితం చూసిన ఆఫీసరుకి ఈ పిల్లాడి వేళ్లకి ఏం వచ్చో ఒక్క క్షణంలో తెలిసిపోయేది. నిమిషానికి 45 మాటలు, అంతే, ఇంకేం అడగక్కర్లేదు. ఉద్యోగ ప్రకటనలోనే 'టైపు హయ్యర్ పాసై ఉండాలి' అని రాసేవాళ్లు. అంటే ఆ కాగితం ఎవరికి చూపించాలో నేర్చుకునే ముందే మాకు తెలుసు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. మీ పిల్లల చేతికి ఏ సర్టిఫికెట్ వచ్చినా, వచ్చే ముందే ఒక ప్రశ్న వేయండి. ఇది ఎవరికి చూపిస్తాం? చూసినవాళ్లు ఒప్పుకుంటారా?

ఇప్పుడు మన స్కూల్లో సంగతికి వద్దాం. చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిది, పది తరగతులకి వొకేషనల్ సబ్జెక్టు పెట్టారు. ఒక్కో స్కూల్లో ఒక్కోటి. ఎలక్ట్రానిక్స్ కొన్ని చోట్ల, వ్యవసాయం కొన్ని చోట్ల, టైలరింగ్, బ్యూటీషియన్ పని, ఆటోమొబైల్, రిటైల్, ఆరోగ్యం, కంప్యూటర్. తల్లిదండ్రుల్ని అడిగితే చాలామంది 'అదేదో ఎక్స్‌ట్రా సబ్జెక్టండీ, కుట్లు అల్లికలు' అంటారు. కాదమ్మా. దాని వెనక పెద్ద ఏర్పాటే ఉంది.

2013 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ కలిపి నైపుణ్యాలకు మెట్లు కట్టింది. మొదట పది మెట్లు పెట్టారు, 2023లో సవరించి ఎనిమిది చేశారు. ప్రతి పనికీ ఒక పేరు, ఒక మెట్టు, ఆ మెట్టు మీద ఉన్న మనిషికి ఏమేం చేతనవ్వాలో ఒక పత్రం. ఆ పత్రం రాసేది మాస్టార్లు కాదు, ఆ పరిశ్రమ వాళ్లు కలిసి పెట్టుకున్న స్కిల్ కౌన్సిళ్లు. ఎలక్ట్రానిక్స్‌కి ఒకటి, ఆటోమొబైల్‌కి ఒకటి, బట్టల రంగానికి ఒకటి, ఆరోగ్య రంగానికి ఒకటి. దాని ప్రకారం స్కూలు పిల్లల కోసం పాఠాలు తయారుచేసేది భోపాల్‌లో ఉన్న కేంద్ర వృత్తి విద్యా సంస్థ. పరీక్షకి బయటి నుంచి అసెసర్ వస్తాడు. టైపు పరీక్ష లాంటిదే ఇదీ. నేర్పినవాడు ఒకడు, చూసి మార్కులేసేవాడు ఇంకొకడు.

ఆ ప్రాక్టికల్ ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే అందులోనే అసలు విషయం ఉంది. ఎలక్ట్రానిక్స్ తీసుకుందాం, అది నా సబ్జెక్టు. ఇంట్లో వాడే వస్తువులు బాగుచేసే టెక్నీషియన్ కోర్సు. అసెసర్ బల్ల మీద ఒక సీలింగ్ ఫ్యాను పెడతాడు. 'ఇది నెమ్మదిగా తిరుగుతోంది, చూడు' అంటాడు. బట్టీ పట్టిన పిల్లాడు వెంటనే 'కెపాసిటర్ పోయింది సార్' అంటాడు. నిజమే కావచ్చు. కానీ అసెసర్ చూసేది అది కాదు. వాడు విప్పే ముందు కరెంటు తీశాడా? కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జిని తీసేశాడా? పాతదాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటే కొత్తది అదే తెచ్చాడా, చేతికి దొరికింది పెట్టేశాడా? మల్టీమీటర్‌ని ఏ గుర్తు దగ్గర తిప్పి పెట్టాడు? మిక్సీ అయితే, మోటారు కాలిపోయిందని చెప్పేముందు కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో చూశాడా? ఇవన్నీ చూస్తాడు. ఇంకోటి కూడా చూస్తాడు. 'అమ్మా, బ్రష్‌లు మారిస్తే సరిపోతుంది, మోటారు బాగానే ఉంది' అని ఇంటామెకి అర్థమయ్యేలా చెప్పగలడా? అది కూడా పరీక్షే.

ఇవి చేతనైన పిల్లాడి కాగితానికి విలువ ఉంటుంది. కిట్టు పెట్టె తాళం తీయకుండా రెండేళ్లు నోట్సు రాయించి ఇచ్చిన కాగితానికి ఉండదు. హెడ్‌మాస్టరు గారికీ, మాస్టార్లందరికీ చేతులు జోడించి చెబుతున్నాను. ఆ ల్యాబు గది తాళం తీయండి. మల్టీమీటర్ పోతుందని, ఆడిట్‌లో అడుగుతారని భయం ఉంటుంది, నేనూ పడ్డాను ఆ భయం. పోతే పోనివ్వండి. పిల్లలు ముట్టుకుంటే పాడయ్యే వస్తువు పిల్లల కోసమే వచ్చింది కదా.

పదో తరగతి తర్వాత

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పదో తరగతిలో వొకేషనల్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని పిల్లాడిని పదిహేనేళ్లకే పనిలో పెట్టకండి. దయచేసి పెట్టకండి. ప్రమాదకరమైన పనైతే చట్టం కూడా ఒప్పుకోదు. 14 నిండని పిల్లలతో పని చేయించకూడదు, 18 నిండే దాకా ప్రమాదకరమైన పనులు చేయించకూడదు. 2016లో చట్టం సవరించి ఇలా గట్టి చేశారు. ఆ కాగితం మొదటి మెట్టు మాత్రమే. ఇంకా ఎక్కడానికి మెట్లున్నాయని చెప్పడానికే మొదటి మెట్టు.

మరి పై మెట్లేంటి? ఒకటి ఐటీఐ. వెల్డరు ఏడాది, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, ఫిట్టరు రెండేళ్లు. చివర్లో వచ్చేది జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్, దేశంలో ఎక్కడ చూపించినా చెల్లుతుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ప్రకటన తీసి చూడండి, ఐటీఐ అని రాసి ఉంటుంది. ఎవరికి చూపిస్తాం అనే ప్రశ్నకి అక్కడ జవాబు ఉంది. అటు తెలంగాణలో ఒక పెద్ద కంపెనీతో కలిసి 65 ఐటీఐల్లో కొత్త యంత్రాలు పెట్టించే పని మొదలుపెట్టారు. పాత లేత్ మిషన్ మీద నేర్చుకుని కంప్యూటర్ లేత్ ఉన్న ఫ్యాక్టరీకి వెళ్లి పిల్లాడు బిక్కమొహం వేసే రోజులు పోవాలి. ఐటీఐలో చేర్చే ముందు ఆ షాపు ఫ్లోరు మీరే వెళ్లి చూడండి. చదువు రాకపోతేనేం, మిషను తిరుగుతోందో, దుమ్ము పట్టిందో కంటికి కనిపిస్తుంది.

రెండోది ఇంటర్ వొకేషనల్. ఇది నేను ఇరవై తొమ్మిదేళ్లు చెప్పిన చదువు. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మా కాలేజీలో ఎంఎల్‌టీ ఉండేది. ఎంఎల్‌టీ అంటే ల్యాబ్ టెక్నీషియన్, రక్తపరీక్షలు చేసేవాళ్లు. ఒక అమ్మాయి, తండ్రి రిక్షా తొక్కేవాడు. చాలా తెలివైన పిల్ల. సూది గుచ్చితే పేషెంటుకి తెలిసేది కాదు, అంత తేలిక చెయ్యి. మంచి మార్కులతో పాసైంది. మేమంతా చప్పట్లు కొట్టి పంపించాం. వెంటనే ఒక ప్రైవేటు ల్యాబులో చేరింది, మూడేళ్లు చేసింది. అప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు పడ్డాయి. సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లింది. అక్కడ కాగితాలు చూసే ఆయన అడిగాడు. 'ఏడాది అప్రెంటిస్‌షిప్ ఎక్కడ చేశావమ్మా? పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఏది?'

ఆ పిల్లకి రెండూ లేవు. ఇంటర్ వొకేషనల్‌లో ఎంఎల్‌టీ చదివిన వాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి ఉండాలి, బోర్డులో పేరు నమోదు చేసుకుని ఉండాలి. ప్రైవేటు ల్యాబులో చేసిన మూడేళ్లు ఆ లెక్కలోకి రాలేదు. మర్నాడు కాలేజీకి వచ్చింది. ఏడవలేదు. 'సార్, మీరు ముందే చెప్పి ఉండాల్సింది' అంది. అంతే అంది.

నేను చెప్పలేదు. వొకేషనల్ ఇన్‌ఛార్జిని నేనే. సిలబస్ పూర్తిచేశాను, ప్రాక్టికల్స్ చేయించాను, పరీక్షలు పెట్టించాను. పాసయ్యాక ఏం చేయాలో చెప్పడం నా పని అనుకోలేదు. ఆ తప్పు నాది. ఆ పిల్ల మళ్లీ దరఖాస్తు పెట్టుకుని, ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి, రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉద్యోగం తెచ్చుకుంది. కానీ ఆ మధ్యలో పోయిన ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

ఆ ఏడాది నుంచి రిటైరయ్యే దాకా మా క్లాసు రూములో బోర్డు మీద ఒక మూల చెరపకుండా రాసి ఉంచాను. 'పాసయ్యావా? అప్రెంటిస్‌షిప్ పెట్టావా? రిజిస్ట్రేషన్ అయిందా?' రోజూ ఆ మూడు ప్రశ్నలు చూస్తూ చదివారు పిల్లలు.

మీరు అడగొచ్చు, అప్రెంటిస్‌షిప్ అంటే ఏంటండీ, ఎవరిస్తారు అని. 1961 నుంచి చట్టం ఉంది. మొదట్లో అది ఐటీఐ లాంటి ట్రేడుల వాళ్లకే. తర్వాత డిగ్రీ, డిప్లొమా వాళ్లని చేర్చారు. 1986లో సవరించి ఇంటర్ వొకేషనల్ పిల్లల్ని కూడా చేర్చారు. చేర్చుకున్న సంస్థ ఏడాది పాటు నెలనెలా స్టైపెండ్ ఇస్తూ పని నేర్పాలి. మన దక్షిణాది రాష్ట్రాల వాళ్లకి చెన్నైలో ఉన్న అప్రెంటిస్‌షిప్ బోర్డు చూసుకుంటుంది. పేరు నమోదు ఇప్పుడు ఆన్‌లైనే. ఈ అవకాశం ఉందని తెలియకుండా ఇల్లు చేరిన పిల్లలు ఎంతమందో. ఎవరో ఎత్తుకుపోలేదు ఆ అవకాశాన్ని, మనం చెప్పలేదు, అంతే.

ఇంకో భయం ఉంటుంది మీకు. వొకేషనల్‌లో చేరితే పై చదువు ఆగిపోతుందేమో అని. ఆగదు. డిగ్రీకి వెళ్లొచ్చు. మామూలు ఎంపీసీ, బైపీసీ పిల్లల్లా ఎంట్రన్సులు రాయాలనుకుంటే ఆ సబ్జెక్టుల లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు పేపర్లు రాసుకోవాలి. కష్టమే, కానీ దారి ఉంది. చేరేటప్పుడే ఆ పేపర్ల సంగతి అడగండి. ఫైనలియర్‌లో తెలిస్తే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

ఇక్కడ మాస్టార్లతో ఒక మాట. పదో తరగతిలో తక్కువ మార్కులొచ్చిన పిల్లల్ని ఏరి 'నువ్వు వొకేషనల్‌కి పోరా' అంటాం చూడండి, ఆ మాట నాకు చాలా బాధ. చేత్తో చేసే పనికి తక్కువ బుర్ర చాలని మనకి ఎవరు చెప్పారు? 1937లో వార్ధాలో గాంధీగారు విద్యావేత్తల్ని కూర్చోబెట్టి, చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. తర్వాత కేంద్రం చదువుల మీద వేసిన కొఠారీ కమిషన్ కూడా పని అనుభవం చదువులో భాగం కావాలంది. 2020 జాతీయ విద్యా విధానంలో ఒక లెక్క ఉంది, వినండి. వృత్తి విద్య పద్ధతిగా నేర్చుకున్న 19 నుంచి 24 ఏళ్ల పనివాళ్లు మన దేశంలో 5 శాతం లోపే. జర్మనీలో 75 శాతం. దక్షిణ కొరియాలో 96 శాతం. అక్కడ వాళ్లంతా చదువు రాక చేరారా?

లామినేషన్ చేసిన కాగితం

ఇప్పుడు డబ్బు పోయే దారి గురించి చెబుతాను. టౌనులో ఏ సందులో చూసినా కంప్యూటర్ సెంటరు ఉంది. మంచి సెంటర్లు ఉన్నాయి, కాదనను. మా చుట్టాలబ్బాయి ఒకడు అలాంటి చోట పద్దెనిమిది వేలు కట్టాడు. ఆరు నెలల కోర్సు. చివర్లో బంగారు అంచు, పెద్ద ముద్ర, లామినేషన్. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ఉంది. ఇంటర్వ్యూలో అడిగారట, 'ఈ సర్టిఫికెట్ ఇచ్చిందెవరు?' అని. సెంటరు యజమానే ఇచ్చాడు. ఆయనే నేర్పాడు, ఆయనే పరీక్ష పెట్టాడు, ఆయనే సంతకం పెట్టాడు. ఆ ఊరు దాటితే ఆ సంతకం ఎవరికి తెలుసు?

దాని పక్కన సీసీసీ అనే కంప్యూటర్ పరీక్ష పెట్టి చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ పెడుతుంది. 80 గంటల సిలబస్. పరీక్ష ఫీజు 500 రూపాయలు, జీఎస్టీతో కలిపి 590. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, 50 శాతం వస్తే పాస్. ఇంత చదివి ఉండాలి, ఇంత వయసుండాలి అని లేదు. సెంటరులో చేరకుండా ఇంట్లో చదువుకుని కూడా రాయొచ్చు. కొన్ని ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటనల్లో దాని పేరు రాసే అడుగుతారు. పద్దెనిమిది వేలు పోసిన కాగితం ఒకటి, 590 రూపాయల కాగితం ఒకటి. మీరే చెప్పండి, ఎవరికి చూపిస్తాం?

కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలకి కూడా ఇలాగే. వీధిలో నేర్చుకున్నా సరే, ప్రభుత్వ పరీక్షల విభాగం వాళ్లు టైలరింగ్, ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ పరీక్షలు పెడతారు. డ్రాయింగ్‌లో, చేనేతలో కూడా ఉన్నాయి. తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ ఉంటుంది, ఆ పని ఇతరులకు నేర్పే టీచరు కావాలనుకునే వాళ్లకి. జాకెట్టు కుట్టడం వచ్చిన అమ్మాయిలు మన ఊళ్లో ఇంటికొకరున్నారు. ఆ పరీక్షల పేరైనా విన్నవాళ్లు ఎంతమంది? మీరేనా అమ్మా, ఒక్కరే? సరే.

ఇక కాగితం ఒక్కటే చాలదు, పక్కన ఇంకోటి ఉండాలి. మన ఊళ్లోనే మోటారు వైండింగ్ షాపు ఉంది, పాల శీతలీకరణ కేంద్రం ఉంది, ఆర్టీసీ డిపో పది కిలోమీటర్లు. పిల్లల్ని సెలవుల్లో తీసుకెళ్లి చూపించండి. పిల్లాడి చేత ఒక నోటుబుక్కు పెట్టించండి. ఏ తేదీన ఏ పని చూశాడు, ఏది తనే చేశాడు, ఎక్కడ తప్పాడు. కింద ఆ షాపు ఆయన సంతకం. వైండింగ్ షాపాయనకి నేను చెప్పి చూశాను, 'పంపండి మాస్టారూ, సంతకానికేం భాగ్యం' అన్నాడు. రేపు ఇంటర్వ్యూలో 'ఏం వచ్చు నీకు' అని అడిగితే ఆ పుస్తకం తీసి చూపిస్తాడు.

వొకేషనల్ ట్రైనర్లు ఇద్దరు ఇక్కడే కూర్చున్నారు. వాళ్ల జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది. నాకు తెలిసిన ఒక ట్రైనరుకి నాలుగు నెలలు రాలేదు, అప్పుచేసి బస్సు పాసు కొనుక్కుని స్కూలుకొచ్చాడు. స్టాఫ్‌రూములో వీళ్లకి కుర్చీ వేయండి. టైంటేబుల్‌లో చివరి పీరియడ్ కాకుండా మంచి పీరియడ్ ఇవ్వండి. లెక్కల మాస్టారు సెలవు పెట్టిన రోజు తప్ప వీళ్ల క్లాసు జరగకపోతే ఆ పిల్లలకి ప్రాక్టికల్ ఎలా వస్తుంది?

ఏంటమ్మా, ఏదో అడుగుతున్నారు? గట్టిగా చెప్పండి. పేరు తప్పు పడిందా? మంచి మాట అడిగారు, నేను మర్చిపోయేవాడిని. ఈవిడ అబ్బాయికి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉందట, పదో తరగతి రికార్డుల్లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరమే ఉందట. మన తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. స్కిల్ సర్టిఫికెట్లూ, అప్రెంటిస్‌షిప్ నమోదూ ఇప్పుడు ఆన్‌లైన్ కదా. పేరు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. పుట్టినతేదీ కూడా అంతే. ఆధార్‌కి ఇచ్చిన ఫోను నెంబరు వాళ్ల నాన్న ఎప్పుడో మార్చేసి ఉంటాడు, ఓటీపీ రాదు. ఇంటర్ అయ్యాక దిద్దాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పదో తరగతి పరీక్షకి పేర్లు పంపకముందే అయితే హెడ్‌మాస్టరు గారి దగ్గరే పని అయిపోతుంది.

అందుకని వచ్చే శనివారం పొద్దున పది గంటలకి నేను ఇక్కడే కంప్యూటర్ గదిలో ఉంటాను, ట్రైనర్లిద్దరూ ఉంటారు. తొమ్మిది, పది పిల్లల ఆధార్ కార్డు, పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్‌కి ఇచ్చిన నెంబరున్న ఫోను తీసుకురండి. ఫోనులో ఛార్జింగ్ పెట్టుకుని రండి. ఒక్కొక్కరి పేరూ అక్షరం అక్షరం స్కూలు రిజిస్టరుతో సరిచూద్దాం. కోతకి వెళ్లేవాళ్లు రాలేకపోతే పిల్లల చేత పంపించినా చూస్తాం, ఫోను మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి. అమ్మా, మీ అబ్బాయి పేరుతోనే మొదలుపెడదాం. ఏ సెక్షన్ చెప్పండి, రాసుకుంటాను.